పులసా? విలసా? కెలోరీమీటర్‌లో కణాన్ని గుర్తుపట్టేదెలా

పోయిన ఆగస్టులో బాబాయ్‌తో కలిసి యానాం వెళ్లాను, పులస కోసం. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు కదా, మా ఇంట్లో పుస్తెల దాకా వెళ్లలేదు గానీ బాబాయ్ జేబు మాత్రం బరువుగానే ఉంది. తెలియనివాళ్ల కోసం ఒక మాట. పులస, విలస వేరే వేరే జాతులు కావు. సముద్రంలో ఉన్నంత కాలం అది విలస. వరద నీటికి ఎదురీది గోదారిలోకి వస్తే పులస. రేటులో మాత్రం నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా.

"ఆయ్, గోదారి చేపేనండి బాబూ, తెల్లారే పడింది" అన్నాడు అమ్మేవాడు. బాబాయ్ ఏమీ మాట్లాడలేదు. పొలుసు చూశాడు, మొప్పలు ఎత్తి చూశాడు, పొట్ట నొక్కాడు, వల ఎక్కడ వేశారో అడిగాడు, పక్క బుట్టల్లో ఏ చేపలున్నాయో కూడా చూశాడు. చివరికి కొనకుండా వచ్చేశాడు. దారిలో అడిగితే ఒకటే అన్నాడు: "ఒక్క గుర్తు చూసి పులస అనుకునేవాడు పులస రేటిచ్చి విలస తింటాడ్రా."

రెండు నెలల తర్వాత నా మినీ ప్రాజెక్ట్ రివ్యూలో సరిగ్గా అదే జరిగింది. పులస రేటిచ్చి విలస తిన్నాను. ఆ కథ చెప్పాలంటే ముందు కెలోరీమీటర్ అంటే ఏంటో చెప్పాలి.

ఆపేసి కొలిచే యంత్రం

కెలోరీమీటర్ అనగానే ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో నీళ్ల డబ్బా, థర్మామీటర్ గుర్తొస్తాయి. కణ భౌతికశాస్త్రంలో కెలోరీమీటర్ పని వేరు. దూసుకొచ్చే కణానికి అడ్డంగా బాగా మందమైన పదార్థం పెడతారు. కణం అందులో పడి, ముక్కలై, ఆ ముక్కలు మళ్లీ ముక్కలై, చివరికి అన్నీ ఆగిపోతాయి. పోతూపోతూ వదిలిన శక్తిని కాంతి రూపంలోనో విద్యుత్ ఛార్జి రూపంలోనో లెక్కపెడతారు. మొత్తం కూడితే మొదట వచ్చిన కణం శక్తి తెలుస్తుంది.

ఇక్కడే చిక్కు. కొలత పూర్తయ్యేసరికి అసలు కణం ఉండదు. "నువ్వెవరు?" అని అడగడానికి మిగిలేది అది చెదిరిపోయిన తీరు మాత్రమే. ఎక్కడ మొదలై చెదిరింది, ఎంత లోతు వెళ్లింది, పక్కలకి ఎంత పరుచుకుంది, వీటిని బట్టే అది ఎలక్ట్రానా, ఫోటానా, ప్రోటానా అని ఊహించాలి. కాబట్టి కెలోరీమీటర్ ఎప్పుడూ కణం పేరు చెప్పదు. ఒక ఆకారం చూపిస్తుంది. పేరు పెట్టేది మనం. పొరపాటు కూడా మనదే.

మొదటి రకం: డెల్టాలా విడిపోయేవి

ధవళేశ్వరం దాటాక గోదారి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి కిందకి వెళ్లాక వైనతేయ విడిపోతుంది. ఒక నది, రెండు పాయలు, ఇంకొన్ని పాయలు. ప్రతి చీలికలోనూ నీళ్లు పంచుకోవడమే తప్ప కొత్త నీళ్లు పుట్టవు. ఎలక్ట్రాన్, ఫోటాన్ చేసేది ఇంచుమించు ఇదే.

అధిక శక్తి ఉన్న ఎలక్ట్రాన్ ఒక బరువైన కేంద్రకం పక్క నుంచి వెళ్తే ఒక ఫోటాన్‌ని వదులుతుంది. ఆ ఫోటాన్ కొంచెం ముందుకెళ్లి ఒక ఎలక్ట్రాన్, ఒక పాజిట్రాన్‌గా చీలుతుంది. అవి మళ్లీ ఫోటాన్లని వదులుతాయి. ఇలా సుమారుగా ఒక్కో 'రేడియేషన్ లెంగ్త్' దూరానికి కణాల సంఖ్య రెట్టింపు, ఒక్కోదాని శక్తి సగం అవుతాయి. దీన్ని ఎలక్ట్రోమాగ్నెటిక్ షవర్ అంటారు. ఈ వరస చీలికల సిద్ధాంతాన్ని 1937లో లెక్కకట్టి చూపించిన ఇద్దరిలో ఒకరు మన హోమీ భాభా, ఇంకొకరు వాల్టర్ హైట్లర్.

జెనీవా దగ్గర సెర్న్‌లో ఉన్న సీఎంఎస్ డిటెక్టర్‌నే తీసుకుందాం. దాని లోపలి కెలోరీమీటర్‌లో 75,848 లెడ్ టంగ్‌స్టేట్ స్ఫటికాలున్నాయి. చూడటానికి గాజులా ఉంటాయి, బరువు మాత్రం ఇనుము కన్నా ఎక్కువ. అందులో ఒక రేడియేషన్ లెంగ్త్ అంటే 0.89 సెం.మీ. మాత్రమే. మధ్య భాగంలో ఒక్కో స్ఫటికం పొడవు 23 సెం.మీ., అంటే దాదాపు 26 రేడియేషన్ లెంగ్త్‌లు. 50 జీఈవీ ఎలక్ట్రాన్ వచ్చి పడినా మన జానెడు కన్నా కాస్త పొడవులో మొత్తం ఆగిపోతుంది. ఇంకో తమాషా చూడండి. శక్తి రెట్టింపు అయితే షవర్‌కి ఇంకొక్క చీలిక చాలు, అంటే లోతు ఒక సెంటీమీటర్ లోపే పెరుగుతుంది. లాగరిథమ్ మహిమ. అందుకే ఇంత పెద్ద శక్తుల్ని కొలిచే స్ఫటికం గుప్పిట్లో పట్టేంతే ఉంది.

ఈ షవర్‌కి ఉన్న గొప్ప గుణం క్రమశిక్షణ. పక్కలకి కూడా పెద్దగా పరుచుకోదు. లెడ్ టంగ్‌స్టేట్‌లో షవర్ శక్తిలో 90 శాతం దాదాపు 2.2 సెం.మీ. వ్యాసార్ధం లోపలే ఉండిపోతుంది. స్ఫటికం ముఖం వెడల్పు కూడా మధ్య భాగంలో సుమారు 2.2 సెం.మీ. చేశారు. కాకతాళీయం కాదు.

రెండో రకం: గండి పడ్డట్టు

ప్రోటాన్లు, న్యూట్రాన్లు, పయాన్ల లాంటి వాటిని కలిపి హాడ్రాన్లు అంటారు. ఇవి కేంద్రకాన్ని నేరుగా ఢీకొడతాయి. ఢీకొట్టే దాకా ఎంత దూరం పోతాయో ఖాయంగా చెప్పలేం. సగటు దూరం లెడ్ టంగ్‌స్టేట్‌లో సుమారు 20 సెం.మీ. అంటే 0.89 పక్కన 20. ఈ రెండు అంకెల మధ్య తేడా మీదే సగం గుర్తింపు నడుస్తుంది.

ఢీకొన్నాక జరిగేది డెల్టాలా పద్ధతిగా ఉండదు. 1986 వరద గురించి మా ఊళ్లో పెద్దవాళ్లు చెప్తుంటారు. గట్టు ఎక్కడ తెగుతుందో, నీళ్లు ఏ ఊరి మీద పడతాయో ఎవరికీ తెలీదు. హాడ్రాన్ షవర్ అలాంటిది. ఒకసారి ముందే తెగుతుంది, ఒకసారి బాగా లోపలికి పోయాక తెగుతుంది. పక్కలకి ఎక్కువ పరుచుకుంటుంది. పైగా శక్తిలో కొంత భాగం కేంద్రకాల్ని పగలగొట్టడానికే ఖర్చయిపోయి మన లెక్కలోకి రాదు. అందుకే హాడ్రాన్ శక్తి కొలత ఎలక్ట్రాన్ కొలతంత కచ్చితంగా ఉండదు.

వీటి కోసం స్ఫటికాల వెనక ఇంకో కెలోరీమీటర్ పెడతారు. సీఎంఎస్‌లో అది ఇత్తడి పలకలు, మధ్యలో ప్లాస్టిక్ సింటిలేటర్. ఆ ఇత్తడిలో కొంత రష్యన్ నౌకాదళం పాత ఫిరంగి గుండ్ల తొడుగుల్ని కరిగించి చేసింది. అయినా మధ్య భాగంలో ఈ మందం సరిపోక కొన్ని షవర్ల తోక బయటికి వస్తుంది. దాన్ని పట్టుకోవడానికి అయస్కాంతం బయట ఇంకో పొర పెట్టారు. ఆ పొర మీద పని చేసింది ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్ నాయకత్వంలో మన దేశపు బృందాలే.

అయితే "ముందు పొరలో ఆగితే ఎలక్ట్రాన్, వెనక పొరలో ఆగితే హాడ్రాన్" అని బట్టీ పట్టకండి. 23 సెం.మీ. స్ఫటికంలో సగటు దూరం 20 సెం.మీ. అంటే హాడ్రాన్లలో దాదాపు మూడింట రెండు వంతులు ముందు పొరలోనే చెదరడం మొదలుపెడతాయి. అందుకని మొదలయ్యిందా లేదా అని కాదు, వెనక పొరలో పడిన శక్తి ముందు పొరలో పడిన శక్తిలో ఎన్నో వంతు అని చూస్తారు. దీన్ని 'హెచ్ బై ఈ' అంటారు. ఎలక్ట్రాన్, ఫోటాన్‌లకి ఇది సున్నాకి దగ్గరగా ఉండాలి.

మూడో రకం: ఆగకుండా పోయేవి

మ్యుయాన్ ఎలక్ట్రాన్‌కి అన్నయ్య లాంటిది. ఛార్జి అదే, బరువు మాత్రం 207 రెట్లు. ఫోటాన్ వదిలే అవకాశం ద్రవ్యరాశి వర్గంతో తగ్గుతుంది కాబట్టి 207 ఇంటూ 207, సుమారు 40 వేల రెట్లు తక్కువ. చీలికే లేకపోతే షవర్ లేదు. మీటర్ లోతు నీళ్లలోంచి వెళ్తే సుమారు 200 ఎంఈవీ పోగొట్టుకుని, అంటే జీఈవీలో అయిదో వంతు, నడిచిపోతుంది. మన స్టేషన్‌లో ఆగని బండిలా ప్రతి పొరలోనూ కొంచెం కొంచెం చప్పుడు చేసి వెళ్లిపోతుంది. ఆ సన్నని సమానమైన గీతే దాని గుర్తు. అన్నిటికన్నా వెనక ఉన్న మ్యుయాన్ గదుల్లో కూడా కనిపిస్తే ఇంక అనుమానం దాదాపు ఉండదు.

న్యూట్రినో అయితే ఆ చప్పుడు కూడా చెయ్యదు. మిగతా అన్నిటి లెక్కా కూడి, తేలని మొత్తం చూసి "ఎవరో జారుకున్నారు" అని రాసుకోవాలి.

ఆకారంతో తేలనివి కూడా ఉన్నాయి. ఎలక్ట్రాన్, ఫోటాన్ రెండూ ఒకే రకం షవర్ ఇస్తాయి. ప్రోటాన్‌నీ పయాన్‌నీ కేవలం కెలోరీమీటర్‌తో విడదియ్యడం ఇంచుమించు అసాధ్యం. అప్పుడు పక్కవాళ్ల సాక్ష్యం కావాలి.

గొరగనమూడి నుంచి ఒక సాక్ష్యం

ఆ సాక్ష్యం ఇచ్చేది అయస్కాంతం. దీని గురించి చెప్పేటప్పుడు మన ప్రాంతం మనిషిని ఒకర్ని తలుచుకోవాలి. భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు, తర్వాతి పేరు స్వామి జ్ఞానానంద. సన్యాసం తీసుకున్నాయన యూరప్ వెళ్లి ప్రాగ్‌లో భౌతికశాస్త్రం చదివారు. తర్వాత లివర్‌పూల్‌లో, న్యూట్రాన్‌ని కనిపెట్టిన జేమ్స్ చాడ్విక్ దగ్గర బీటా కిరణాల మీద పరిశోధన చేశారు. తిరిగొచ్చి విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగాన్ని నిలబెట్టారు. అక్కడి పరిశోధనశాలలు ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉన్నాయి.

బీటా కిరణాలంటే కేంద్రకం నుంచి వచ్చే ఎలక్ట్రాన్లే. అయస్కాంత క్షేత్రంలో ఛార్జి ఉన్న కణం వంగుతుంది. మొమెంటమ్ తక్కువైతే ఎక్కువ వంగుతుంది. ఎంత వంగిందో కొలిస్తే మొమెంటమ్ తెలుస్తుంది. సీఎంఎస్‌లో జరిగేదీ అదే, సైజే వేరు. 3.8 టెస్లా క్షేత్రంలో 1 జీఈవీ ఎలక్ట్రాన్ 88 సెం.మీ. వ్యాసార్ధంతో తిరుగుతుంది. 50 జీఈవీ ఎలక్ట్రాన్‌కి ఆ వ్యాసార్ధం 44 మీటర్లు, అంటే వంపు కనీకనిపించనంత.

ఇప్పుడు రెండు కొలతలున్నాయి. వంపు నుంచి మొమెంటమ్, కెలోరీమీటర్ నుంచి శక్తి. ఎలక్ట్రాన్ మొత్తం శక్తిని స్ఫటికాల్లోనే వదిలేస్తుంది కాబట్టి ఈ రెండింటి నిష్పత్తి 1కి దగ్గరగా రావాలి. హాడ్రాన్ సగం శక్తి వెనక్కి పంపేస్తుంది కాబట్టి చాలావరకు 1 కన్నా తక్కువ వస్తుంది. ఇక ఫోటాన్‌కి ఛార్జి లేదు, దారిలో గీతే ఉండదు. గీత ఉండి షవర్ ఉంటే ఎలక్ట్రాన్, గీత లేకుండా షవర్ ఉంటే ఫోటాన్. ఇంతవరకు హాయిగానే ఉంది కదా? మేమూ అలాగే అనుకున్నాం.

అసలు విలస: పై-జీరో

ఛార్జి లేని పయాన్ ఒకటుంది, పై-జీరో అంటారు. ప్రోటాన్లు ఢీకొన్నప్పుడు ఇవి కుప్పలు తెప్పలుగా పుడతాయి. పుట్టిన క్షణంలోనే, అక్షరాలా పదికోట్ల కోటి వంతు సెకను లోపే, రెండు ఫోటాన్లుగా చీలిపోతాయి. వంద పై-జీరోల్లో దాదాపు 99 ఇలాగే చీలతాయి. ఫోటాన్లు కాబట్టి గీత లేదు. ఫోటాన్లు కాబట్టి హెచ్ బై ఈ సున్నాకి దగ్గర. అన్ని పరీక్షలూ పాస్.

తేడా ఒక్కటే, ఒకటి కాదు రెండు ఉన్నాయి. కానీ పై-జీరో వేగం పెరిగేకొద్దీ ఆ రెండూ దగ్గరవుతాయి. లెక్క సులువే. కనీస కోణం అంటే ద్రవ్యరాశికి రెట్టింపు, భాగించు శక్తి. పై-జీరో ద్రవ్యరాశి 0.135 జీఈవీ. 10 జీఈవీ దగ్గర కోణం 0.027 రేడియన్లు. స్ఫటికాలు సుమారు 1.3 మీటర్ల దూరంలో ఉంటే రెండు ఫోటాన్ల మధ్య దూరం 3.5 సెం.మీ. ఒకటిన్నర స్ఫటికం, తేలిగ్గా కనిపిస్తుంది. 50 జీఈవీ దగ్గర అదే దూరం 7 మి.మీ. ఒకే స్ఫటికంలో రెండూ పడతాయి. ఇంకో దొంగదారి కూడా ఉంది. శక్తి రెండింటికీ సమానంగా పంచబడాలని లేదు. ఒకదానికి 95 శాతం, రెండోదానికి 5 శాతం వచ్చిందనుకోండి, చిన్నది ఎవరికీ కనపడదు.

ఎందుకింత పట్టింపు అంటే, హిగ్స్ బోసాన్ ఉంది చూశారూ, అది రెండు ఫోటాన్లుగా చీలేది వెయ్యిలో రెండు సార్లే. అయినా 2012 జులై 4న ప్రకటించిన ఆవిష్కరణలో ఆ దారి చాలా ముఖ్యమైనది, ఎందుకంటే ఫోటాన్ శక్తిని అంత కచ్చితంగా కొలవగలం. పై-జీరోలు ఫోటాన్ వేషంలో వచ్చి కలిసిపోతే ఆ చిన్న గుట్ట కనిపించకుండా పూడిపోతుంది.

దీనికి సీఎంఎస్ వాళ్లు రెండు చివర్లలో ఒక ఉపాయం చేశారు, పేరు ప్రీషవర్. స్ఫటికాల ముందు రెండు రేడియేషన్ లెంగ్త్‌ల సీసం, దాని వెనక సన్నని సిలికాన్ పట్టీలు. మళ్లీ ఒక లెంగ్త్ సీసం, అడ్డంగా ఇంకో వరస పట్టీలు. ఫోటాన్ సీసంలో చీలడం మొదలుపెడుతుంది. షవర్ ఇంకా సన్నగా, పరుచుకోకముందే పట్టీలు దాన్ని చూస్తాయి. 63 మి.మీ. పలకలో 32 పట్టీలు, అంటే ఒక్కోటి సుమారు 2 మి.మీ. 3 మీటర్ల దూరంలో 50 జీఈవీ పై-జీరో ఫోటాన్ల మధ్య 1.6 సెం.మీ. వస్తుంది, అంటే ఎనిమిది పట్టీల ఎడం. స్ఫటికానికి ఒకటిగా కనిపించేది పట్టీలకి రెండుగా కనిపించే అవకాశం ఉంది. ఈ సిలికాన్ పలకల్లో కొంత భాగం భాభా అణు పరిశోధన కేంద్రం రూపకల్పనతో బెంగళూరు బీఈఎల్‌లో తయారయ్యాయి. అట్లాస్ అనే ఇంకో డిటెక్టర్ వాళ్లయితే కెలోరీమీటర్ మొదటి పొరనే అయిదు మి.మీ. లోపు సన్నని పట్టీలుగా కోశారు. దారి వేరు, ఉద్దేశం అదే: పరుచుకోకముందే చూడు.

నా 98 శాతం

ఇప్పుడు మా ప్రాజెక్ట్. జియాంట్4 అని సెర్న్ వాళ్ల ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో ముగ్గురం కలిసి కంప్యూటర్ మీద స్ఫటికాల గోడ కట్టాం. సగం ఫోటాన్లు, సగం పై-జీరోలు వదిలాం, 5 నుంచి 10 జీఈవీ దాకా. షవర్ వెడల్పు, మధ్య స్ఫటికంలో ఎంత వంతు పడింది, చుట్టూ ఉన్న తొమ్మిదిటిలో ఎంత వంతు పడింది, ఇలా ఆరేడు సంఖ్యలు తీసి ఒక క్లాసిఫయర్‌కి నేర్పాం. 98 శాతం కరెక్ట్. స్లయిడ్ మీద ఆ అంకె 60 సైజు ఫాంట్‌లో పెట్టాం.

రివ్యూకి వచ్చిన సార్ స్లయిడ్ చూసి మూడు ప్రశ్నలడిగారు.

"నిజం డిటెక్టర్‌లో కూడా సగం సగమే వస్తాయా?"

నోట మాట రాలేదు. బోర్డు మీద ఆయనే లెక్క వేశారు. లక్ష వచ్చాయనుకోండి, అందులో నిజం ఫోటాన్లు వందే అనుకోండి. మీ 98 శాతంతో 98 ఫోటాన్లు పాసవుతాయి. మిగిలిన 99,900 దొంగల్లో 2 శాతం, అంటే 1,998 కూడా పాసవుతాయి. "ఫోటాన్" అని ముద్ర వేసిన 2,096లో నిజమైనవి 98. అయిదు శాతం కూడా లేదు. అదే పరీక్ష కఠినం చేసి, నిజమైనవి 80 శాతమే ఉంచుకుని, దొంగల్లో వెయ్యికి ఒకటే వదిలితే? 80 నిజం, సుమారు 100 దొంగలు. 44 శాతం. ఇరవై ఫోటాన్లు పోగొట్టుకున్నాం గానీ బుట్ట తొమ్మిది రెట్లు శుభ్రపడింది. బాబాయ్ కొనకుండా తిరిగొచ్చింది ఇందుకే! నిజమైన పులసని వదిలేసినా పర్వాలేదు, ఎందుకంటే బజారు నిండా విలసలే.

"50 జీఈవీ దగ్గర మీ 98 ఎంత?"

చూడలేదు సార్, అన్నాం. ఆ రాత్రి చూశాం. డెబ్బైల్లోకి పడిపోయింది. 7 మి.మీ. లెక్క మీకు ఇప్పుడే చెప్పాను కదా, మేం ఆ లెక్క ముందే వేసుంటే ఆశ్చర్యపోయేవాళ్లం కాదు. మేం పరీక్ష పెట్టింది తేలిగ్గా దొరికే దొంగలకి.

"ఆరేడు గుర్తులన్నారు. నిజంగా ఎన్ని?"

ఇది అర్థమవడానికి రెండు రోజులు పట్టింది. ఒక గుర్తు పది దొంగల్లో తొమ్మిదిటిని పడితే, దానితో సంబంధం లేని ఇంకో గుర్తు మిగిలిన వాటిలో మళ్లీ తొమ్మిది వంతులు పడుతుంది. అప్పుడు వందకి ఒకటే మిగులుతుంది. కానీ మా ఆరేడు గుర్తులూ షవర్ ఎంత వెడల్పు అనే ఒకే విషయాన్ని ఆరేడు రకాలుగా అడుగుతున్నాయి. ఒకే సాక్షిని ఏడుసార్లు పిలిచి ఏడుగురు సాక్షులన్నాం.

వేరే రకం సాక్షి ఎవరంటే ఇరుగుపొరుగు. పై-జీరోలు సాధారణంగా ఒంటరిగా రావు. క్వార్కుల నుంచి పుట్టిన జెట్ అనే గుంపులో వస్తాయి, చుట్టూ ఇతర కణాల శక్తి ఉంటుంది. హిగ్స్ నుంచి వచ్చే ఫోటాన్ చుట్టూ అంత గోల ఉండదు. దీన్ని ఐసొలేషన్ అంటారు. బాబాయ్ పక్క బుట్టలు చూశాడే, అది.

హైదరాబాద్‌లో కూర్చుని చూసేవాళ్లు

ఇదంతా సెర్న్ గొడవే అనుకోకండి. అమెరికాలో నోవా అనే న్యూట్రినో ప్రయోగం ఉంది. షికాగో దగ్గర ఫెర్మీల్యాబ్‌లో న్యూట్రినోలు పుట్టించి 810 కిలోమీటర్ల దూరంలో మిన్నెసోటాలో 14,000 టన్నుల డిటెక్టర్‌తో పట్టుకుంటారు. అందులో మన హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఐఐటీ హైదరాబాద్ భాగస్వాములు.

ఆ డిటెక్టర్ మొత్తం ఒక కెలోరీమీటరే. ద్రవ సింటిలేటర్ నింపిన ప్లాస్టిక్ గొట్టాలు, సుమారు 3 లక్షల 44 వేలు. వాళ్ల సమస్య మన సమస్యకి చుట్టం. న్యూట్రినో ఎలక్ట్రాన్‌ని పుట్టించిందా, లేక పై-జీరో పుట్టి దాని ఫోటాన్ ఎలక్ట్రాన్ వేషం వేసిందా? ఇక్కడ సీసం పక్కన పెట్టి తేలికైన పదార్థం వాడటమే తెలివి. రేడియేషన్ లెంగ్త్ సుమారు 40 సెం.మీ. ఫోటాన్ పుట్టిన చోటు నుంచి కొంత దూరం ఏ గుర్తూ వదలకుండా వెళ్లి అప్పుడు షవర్ మొదలుపెడుతుంది. గొట్టాలు కొద్ది సెంటీమీటర్లవే కాబట్టి ఆ ఖాళీ కళ్లకి కనిపిస్తుంది. ఎలక్ట్రాన్ అయితే పుట్టిన చోటి నుంచే గీత ఉంటుంది.

2016లో నోవా బృందం ఈ ఆకారాల్ని ఫోటోల్లా తీసుకుని కన్వల్యూషనల్ న్యూరల్ నెట్‌వర్క్‌తో గుర్తుపట్టే పద్ధతి ప్రచురించింది. మన ఫోన్ పిల్లినీ కుక్కనీ విడదీసే పద్ధతే. సీఎస్ఈ వాళ్లకి ఇందులో పని ఉంది, ఈసీఈ వాళ్లకి ఉంది, మెకానికల్ వాళ్లకి మరీ ఉంది, 15 మీటర్ల గొట్టం కారకుండా నిలబెట్టేదెవరు? అయితే నెట్‌వర్క్ ఎంత పెద్దదైనా ఆ సార్ అడిగిన మూడు ప్రశ్నలూ దాన్నీ అడగాల్సిందే. ఏ బజారు? ఎంత కష్టమైన దొంగలు? ఎన్ని వేరు వేరు సాక్ష్యాలు?

రాబోయే రోజుల్లో సీఎంఎస్ చివర్ల దగ్గర పాత కెలోరీమీటర్లు తీసేసి, సుమారు 60 లక్షల సిలికాన్ చానళ్లున్న కొత్తది పెడుతున్నారు. షవర్‌లో ప్రతి చీలికనీ దగ్గర నుంచి చూసే ప్రయత్నం అది. ఎక్కువ కళ్లు పెట్టినంత మాత్రాన అనుమానం పోదు, తగ్గుతుంది.

ఫైనల్ రివ్యూలో

ప్రాజెక్ట్ మళ్లీ చేశాం. శక్తి 50 జీఈవీ దాకా పెంచాం. గోడ ముందు సీసం, పట్టీలు పెట్టాం, అంకె కొంత లేచింది, పూర్తిగా కాదు. చుట్టూ శక్తి కూడా కలిపాం. 98 తీసేసి, స్లయిడ్ మీద ఒక గ్రాఫ్ పెట్టాం: ఎన్ని నిజమైనవి ఉంచుకుంటే ఎన్ని దొంగలు వస్తాయో. పెద్ద ఫాంట్ అంకె ఏదీ లేదు. మార్కులు మొదటిసారి ఊహించుకున్నంత రాలేదు, కానీ ఈసారి ఏ ప్రశ్న అడిగినా జవాబు ఉంది.

మీకూ ఆసక్తి ఉంటే సెర్న్ ఓపెన్ డేటా అని వెతకండి. నిజమైన సీఎంఎస్ డేటా అందరికీ ఉచితంగా ఉంది. పైథాన్ వస్తే చాలు, మొదలుపెట్టొచ్చు. రెండో సంవత్సరం తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా చెయ్యాలనుకుంటే మా కోడ్ ఇస్తాం. మొదట్లో మేం చేసిన తప్పు కూడా అందులో అలాగే ఉంచాం, మీరే పట్టుకోండి.

బాబాయ్ మొన్న ఫోన్ చేశాడు. వచ్చే ఆగస్టులో మళ్లీ యానాం వెళ్దామన్నాడు. ఈసారి పక్క బుట్టలు చూసే పని నాది.